పదిహేడో ఉత్తరం కింది మూల

దేశంలో అందరికీ ప్రాణమైన ఉత్తరాన్ని నా యంత్రం వాసన చూసి ఎర్రగా వెలిగింది. ఆ క్షణంలో దాని ప్లగ్గు పీకేసి ఇంటికి పోయి ఉంటే ఎంత బావుండేదో! పోలేదు. నాకు నా యంత్రమంటే అంత పొగరు.

రేవుపట్నంలోని అధ్యక్ష పత్రాలయంలో కాగితాల ప్రయోగశాల నాది. నా పేరు కుసుమ. యంత్రానికి ప్రభుత్వం పెట్టిన పేరు స్వేదదర్శిని, మేమంతా కుక్క అంటాం. పాత కాగితాన్ని దాని గాజు పెట్టెలో పెడితే సన్నగా వేడిచేసి వాసన చూస్తుంది. మనిషికి కోపమొస్తే చెమటలోనూ ఉమ్మిలోనూ ఒక రకం ఉప్పు ఊరుతుంది, భయమేస్తే ఇంకో రకం. చేతి నుంచి కాగితంలోకి దిగిన ఆ ఉప్పు యాభై ఏళ్ళయినా వదలదు. కోపమైతే తెర మీద ఎరుపు, భయమైతే పసుపు, మనసు నెమ్మదిగా ఉంటే నీలం. దాన్ని తయారు చేయడానికి పదకొండేళ్ళు పట్టింది నాకు.

ఆ ఉత్తరం సంగతీ చెప్పాలి. మా తీర సమాఖ్యకూ, అఖాతం అవతలున్న ముత్యాల దీవులకూ నలభై ఏళ్ళ కిందట ఉప్పెన ఒప్పందం కుదిరింది. దీవులవాళ్ళు సముద్రం అడుగున పాతిన పరికరాలు ఉప్పెనను మూడు గంటల ముందే పసిగడతాయి. ఆ కబురు వెంటనే మాకు పంపుతారు. బదులుగా వాళ్ళ పడవలకు మా రేవు, వాళ్ళ రోగులకు మా ఆసుపత్రి. ఒప్పందం కుదిరేలోగా మా అధ్యక్షుడు శరభయ్యగారు దీవుల అధ్యక్షురాలు ఒలారాకు ముప్పైనాలుగు ఉత్తరాలు రాశారు. ఆయన చేత్తో రాసిన చిత్తు ప్రతులన్నీ మా బీరువాల్లోనే ఉన్నాయి. పదిహేడో ఉత్తరాన్ని బడిపిల్లలు కంఠస్థం చేస్తారు: "మా కోసం మీరు మోసిన బరువును నేను బతికున్నంతకాలం మరచిపోను."

నాకు మాత్రం దీవులవాళ్ళంటే గిట్టదు. సిగ్గుపడకుండా చెబుతున్నాను. ఒప్పందానికి ముందు ఏడాది వచ్చిన ఉప్పెనలో ఆరువందల పదకొండు మంది పోయారు. దీవులవాళ్ళకు ముందే తెలుసు, తెలిసీ చెప్పలేదు. మా తరమంతా ఆ మాట వింటూ పెరిగాం. ఆ ఆరువందల పదకొండులో మా అన్నయ్య చిట్టిబాబు ఒకడు. వాడికి తొమ్మిదేళ్ళు, నాకు ఆరు. వాళ్ళ ఎండుచేపలు కూడా మా గడప తొక్కనివ్వలేదు నేను.

ఒప్పందం గడువు తీరడానికి తొమ్మిది రోజులుందనగా విదేశాంగ మంత్రి ప్రదర్శన పెట్టించాడు. పదిహేడో ఉత్తరం పెద్ద తెర మీద నీలంగా మెరవాలి, జనం చప్పట్లు కొట్టాలి. అదీ ఏర్పాటు. కుక్క ఎర్రగా వెలిగింది. మామూలు ఎరుపు కాదు, గొంతు పిసికేంత కోపం. మంత్రికి లోపల ఆ ఒప్పందం ఎప్పుడూ ఇష్టం లేదు. విలేకరుల వైపు తిరిగి, "చూశారా, శరభయ్యగారు పళ్ళు కొరుక్కుంటూ రాశారన్నమాట! ఆయనే నమ్మని స్నేహాన్ని మనం నెత్తిన పెట్టుకోవాలా?" అన్నాడు.

మర్నాటికల్లా దీవుల నుంచి జవాబొచ్చింది. ద్వేషంతో రాసిన ఒప్పందం మాకూ అక్కర్లేదు, గడువు తీరిన రోజున కబుర్లు ఆపేస్తాం అన్నారు. అయితే యంత్రాన్ని తమ మనిషి ఒకసారి పరీక్షించాలన్నారు. మావాళ్ళు విచారణ కమిటీ వేశారు. ఉప్పెనల కాలం రెండు నెలల్లో ఉంది. తీరం పొడుగునా నాలుగు లక్షల మంది ఉన్నారు.

వాళ్ళు పంపిన మనిషి పేరు మెలిటా. నా వయసే ఉంటుంది. మా భాషను మా అధ్యక్షుల ఉత్తరాలు చదివి నేర్చుకుందట, మాట్లాడితే సర్కారు దస్తావేజు చదివినట్టుండేది. వస్తూనే కుక్క చుట్టూ రెండుసార్లు తిరిగింది.

"తమరి యంత్రము కాగితమంతయు ఒక్కటిగా వాసన చూచుచున్నది. కోపము ఏ చోటున ఉన్నదో తెలియునా?"

"కాగితంలో ఉంది. చాలదా?"

"చాలదు."

నాకు ఒళ్ళు మండింది. మండిందంటే ఆవిడ అడిగింది సరైన ప్రశ్న కాబట్టే మండింది. పదకొండేళ్ళలో ఆ ప్రశ్న నాకు తట్టనే లేదు. ఆవిడ మొహం చూడకుండా రెండు రోజులు కూర్చుని, కాగితాన్ని గోరంత గోరంత ముక్కలుగా వాసన చూసేట్టు కుక్కను మార్చాను. ఆవిడ పక్కనే నిలబడి అంకెలు రాసుకుంది. మేమిద్దరం టీ కూడా విడివిడిగా తాగాం.

మూడో రోజు తెర మీద బొమ్మ తేలింది. శరభయ్యగారి చేతివ్రాత ఉన్న చోటల్లా నీలం. ఎరుపంతా కుడివైపు కింది మూలన, ఒక్క అక్షరం కూడా లేని చోట, చింతగింజంత మచ్చ. ముప్పైనాలుగు ఉత్తరాలూ పెట్టి చూశాం. ప్రతి పుటకూ అదే మూల, అదే మచ్చ.

"అధ్యక్షులవారు అచ్చట రాయలేదు గదా?" అంది మెలిటా.

"రాయలేదు" అన్నాను.

మధ్యాహ్నం భోజనానికి ఇంటికెళ్ళాను. అమ్మ పోయాక నాన్న నా క్వార్టర్సులోనే ఉంటున్నాడు. పంచకర్ల సూర్యలింగం అంటే పత్రాలయంలో ఇప్పటికీ లేచి నిలబడతారు. మొదట అధ్యక్షుడి టపా సెక్షన్లో గుమాస్తా, తర్వాత ముప్పైఒక్క ఏళ్ళు అధ్యక్ష పత్రాల బీరువాలకు కాపలా. ఒకరిని పల్లెత్తు మాట అనడు. నాకొచ్చిన నోరు ఎక్కణ్ణుంచి వచ్చిందా అని అమ్మ ఆశ్చర్యపోయేది.

నాన్న వరండాలో పేపరు చదువుతున్నాడు. నన్ను చూసి, "మజ్జిగ పులుసు పెట్టానమ్మాయ్, వేడిగా తినేయ్" అన్నాడు. అంటూనే చూపుడు వేలు నాలుక మీద తడుపుకుని, పేపరు కుడివైపు కింది మూల పట్టుకుని, పేజీ తిప్పాడు.

ఆఫీసులో ప్రతి బల్ల మీదా వేళ్ళు తడుపుకోడానికి స్పాంజి గిన్నె ఉంటుంది. నాన్న ఏనాడూ దాన్ని ముట్టలేదు. చిన్నప్పుడు నా నోటు పుస్తకాలూ ఇలాగే తిప్పేవాడు, నేను ఛీ అని లాక్కునేదాన్ని. ప్రతి ఉత్తరాన్నీ లెక్క చూసి బీరువాలో పెట్టిన చెయ్యి అదే. నా పదకొండేళ్ళ యంత్రం శరభయ్యగారి కోపమని దేశానికి చూపించింది మా నాన్న ఎంగిలి!

ముందు నవ్వొచ్చింది. తర్వాత ఒక సంగతి తట్టి నవ్వు ఆగిపోయింది. ఎంగిలి సరే, మరి ఆ కోపం?

మర్నాడు నాన్నను ప్రయోగశాలకు తీసుకెళ్ళాను. తెల్ల కాగితం మీద తడి వేలు పెట్టించాం. నీలం. అదే చిక్కు. నెమ్మదిగా ఉన్న మనిషికి కోపపు ఉప్పు ఊరదు. ఊరితే, దాని పాళ్ళు ఒక్కో మనిషికి ఒక్కోలా ఉంటాయి కాబట్టి పోల్చి తేల్చవచ్చు. ఊరకపోతే రుజువు లేదు. రుజువు లేకుండా మంత్రి వినడు. గడువు అయిదు రోజులుంది.

"నాన్నా, నీకు కోపం రావాలి" అన్నాను.

"ఎవరి మీదమ్మా?"

"ఎవరి మీదో నువ్వే చెప్పాలి."

నాన్న చిన్నగా నవ్వి తల దించుకున్నాడు. పదిహేడో ఉత్తరం మొత్తం గట్టిగా చదివాను. నీలం. ఆయన పిరికి గుమాస్తా అన్నాను, అధికారులకు సలాములు కొట్టి బతికాడన్నాను. నీలం. అన్నయ్య పోయినప్పణ్ణుంచి అమ్మ చచ్చేదాకా నీతో మాట్లాడక కుమిలిపోయింది, ఎందుకో ఒక్కసారైనా అడిగావా అన్నాను. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తెర మీద నీలం కాస్త పసుపు తిరిగింది, అంతే.

"తమరి తండ్రిగారు మహా శాంతమూర్తులు" అంది మెలిటా.

దాంతో నాకు తిక్కరేగింది.

"శాంతమూర్తి కాక ఏం చేస్తాడు? మీరు చేసినదానికి ఎవరి గొంతు పట్టుకోవాలి ఆయన? ఉప్పెనొస్తోందని తెలిసి నోరు మూసుకుని కూర్చున్నారే, ఆరువందల మంది! మా అన్నయ్య పల్లపు బాడవలో తుమ్మచెట్టుకు వేలాడి దొరికాడు, తెలుసా మీకు? మళ్ళీ స్నేహమంట, ఉత్తరాలంట! థూ!"

మెలిటా లేచి నిలబడింది. దస్తావేజు భాష ఎటు పోయిందో పోయింది.

"పంపాం! నాలుగుసార్లు పంపాం! మా పిన్ని అక్కడ తంతి ఆపరేటరు. ఉదయం ఆరున్నరకు మొదటిది, ఎనిమిదింటికి నాలుగోది. మీవైపు నుంచి ఒక్క ముక్క జవాబు లేదు. మీవాళ్ళు చస్తుంటే తంతి మిషను ముందు కూర్చుని ఏడ్చింది మా పిన్ని. తర్వాత నోరు మూసుకోమని మా అధ్యక్షురాలే చెప్పింది."

"అబద్ధం! పచ్చి అబద్ధం! పంపితే..."

"పంపారు" అన్నాడు నాన్న.

తెర ఎర్రబడింది. నాన్న వేలు ఇంకా గాజు పెట్టెలో కాగితం మీదే ఉంది. ఆయన దాన్ని అదిమి నొక్కుతున్నాడు, గోరు తెల్లబడేదాకా. పక్క తెర మీద రెండు అంకెల వరసలు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చున్నాయి. పదిహేడో ఉత్తరం కింది మూలలో ఉన్న కోపం ఈయనదే. నేను ఆ తెర చూడటం మానేశాను.

"టపా సెక్షన్లో తెల్లవారుజాము డ్యూటీ నాది" అన్నాడు నాన్న. "ఆరూ నలభైకి కవరొచ్చింది, దీవుల నుంచి. తంతిని మిషనే కవర్లో పెట్టి సీలు వేసి పడేసేది. అప్పట్లో దీవులంటే శత్రుదేశం. శత్రుదేశపు కవరు సెక్షన్ ఆఫీసరు రాకుండా విప్పగూడదు. ఆయన పదింటికొస్తాడు. నేను వేలు తడుపుకుని రిజిస్టరు తిప్పా, వరస నంబరు వేశా, టైము రాశా, ట్రేలో పెట్టా. వెనకాలే ఇంకో మూడొచ్చాయి. వాటికీ నంబర్లేశా. తొమ్మిదిన్నరకు సముద్రం ఊళ్ళోకొచ్చేసింది."

మెలిటా మళ్ళీ కూర్చుంది.

"నాలుగు కవర్లొచ్చాయమ్మాయ్. నాలుగు. ఏ గాడిదకైనా అనుమానం రావాలా వద్దా? నేను కవరు విప్పలా. రూలు." ఆ మాట అంటుంటే ఆయన మొహం నేనెప్పుడూ చూడని మొహమైంది. "ఆ తర్వాత ఏ కాగితం తిప్పినా ఈ వేలు కనపడేది. నరుక్కుందామనిపించేది."

ఉప్పెనొచ్చిన మూడో రోజున శరభయ్యగారు రిజిస్టరు తెప్పించుకున్నారట. ఇది బయటపడితే జనం నిన్ను బతకనివ్వరు, నన్నూ నిలవనివ్వరు, నిందను దీవుల మీదే ఉండనిద్దాం, దీవుల అధ్యక్షురాలితో నేను మాట్లాడుకుంటానన్నారట. ఒలారా ఒప్పుకుంది. ఇకముందు కబురు వస్తే నిమిషంలో విప్పే ఏర్పాటు చేయండి, నింద మేం మోస్తామంది. దాని పేరే ఉప్పెన ఒప్పందం. దీవులవాళ్ళు మోసిన బరువేమిటో నాకప్పుడు తెలిసింది. మా నాన్న.

ఆయన్ని కొట్టాలనిపించింది నాకు. నలభైయొక్క ఏళ్ళు తప్పు మనుషుల్ని తిట్టుకుంటూ, అసలు మనిషి వండిన మజ్జిగ పులుసు తిన్నాను.

కానీ బుర్ర పనిచేస్తూనే ఉంది, పాడు బుర్ర. మెలిటాతో అన్నాను: "రుజువు దొరికింది. గుమాస్తా ఎంగిలి అంటింది, కోపం అధ్యక్షుడిది కాదు. ఎందుకు కోపమంటే కొడుకు పోయాడు కాబట్టి దీవుల మీద కోపం. జనం అయ్యో పాపం అంటారు. ఇంకేం చెప్పక్కర్లేదు."

మెలిటా అంకెల కాగితం ముందుకు లాక్కుంది. "సంతకం పెడతా" అంది. "మీరంటే నాకు అసహ్యం. అయినా పెడతా. మా పిల్లలకు మీ ఆసుపత్రి కావాలి. నలభై ఏళ్ళు మోశాం, ఇంకా మోస్తాం."

"వద్దు" అన్నాడు నాన్న.

"నువ్వు మాట్లాడకు!" అరిచాను.

"ఏడో బీరువా, అడుగు అర. ఎర్ర బైండు రిజిస్టరు. తెచ్చి కమిటీ ముందు పెట్టమ్మాయ్."

"నిన్ను చంపుతారు."

"చంపితే చంపనీ."

"ముప్పైఒక్క ఏళ్ళు తాళం నీ దగ్గరే ఉంది గదా! ఒక్క అగ్గిపుల్ల గీస్తే పోయేది. ఎందుకు గియ్యలా?"

"అగ్గిపెట్టె పట్టుకుని రెండుసార్లు వెళ్ళా" అన్నాడు నాన్న. "అది కూడా పోతే, ఆ పిల్ల పిన్ని పంపిందని చెప్పడానికి ఈ లోకంలో ఇంకేం మిగల్దు. గియ్యలేకపోయా."

కమిటీ విచారణ పత్రాలయం పెద్ద హాల్లో జరిగింది. ఉప్పెనలో మనుషుల్ని పోగొట్టుకున్న కుటుంబాలనూ పిలిచారు. నేను కుక్కను చూపించాను, మెలిటా అంకెలు చదివింది, నాన్న రిజిస్టరు తెరిచి నాలుగు వరసలూ చదివాడు. మంత్రి మొహం మాడిపోయింది. "ఈ ముసలాయన చెప్పేదానికి..." అని ఏదో అనబోయాడుగానీ ఎవరూ వినలేదు. ముందు వరసలోంచి నాంచారమ్మ అనే ఆవిడ లేచింది. చేపల రేవులో అందరూ ఎరిగిన మనిషి, ఆ ఉప్పెనలో ఇద్దరు కూతుళ్ళు పోయారు. కాలి చెప్పు తీసి విసిరింది. నాన్న నుదుట తగిలింది. ఆయన తుడుచుకోలేదు.

"పదింటికొస్తాడంటరా ఆఫీసరు? పదింటికి? నా పిల్లలు తొమ్మిదింపావుక్కూడా ఆడుకుంటన్నారురా నా వాకిట్లో!" అంది.

నాన్న వంగి ఆ చెప్పు తీసి ఆవిడ కాళ్ళ దగ్గర పెట్టాడు.

గడువు చివరి రోజున ఒప్పందాన్ని మళ్ళీ రాశారు. అబద్ధమాడింది మీరే అని దీవులవాళ్ళు, దాచింది మీరూ గదా అని మావాళ్ళు, ఆరు గంటలు ఒకరి మీద ఒకరు నిప్పులు చెరుక్కున్నారు. సంతకాలయ్యాక చేతులు కలుపుకోలేదు. పరికరాలు మాత్రం ఆగలేదు. పత్రాలయం గోడ మీది పాత ఉద్యోగుల పలకలోంచి నాన్న పేరు చెక్కి తీసేశారు. మా ఇంటి తలుపుకు ఎవరో పేడ కొట్టారు, రెండుసార్లు. కడిగింది నేనే. నాన్నతో మాత్రం మాట్లాడలేదు. కూర గిన్నె బల్ల మీద పెట్టేవాడు, తినేదాన్ని, గిన్నె కడిగి బోర్లించేదాన్ని. రెండు నెలలు అంతే.

అక్టోబరు పదకొండున, పగలు పదకొండింటికి, దీవుల నుంచి కబురొచ్చింది. నిమిషంలో సైరన్లు మోగాయి. జనం మూటలతో తుఫాను షెల్టరుకు పరుగెత్తారు. కదలనని కూర్చున్న నాన్నను ఒంటిగంట దాటాక రెక్క పట్టుకుని లాక్కెళ్ళాను. మెట్ల దగ్గర పది మంది మగాళ్ళు అడ్డం నిలబడ్డారు.

"కుసుమగారూ, మీరు రండి. ఆయన్ని రానిచ్చేది లేదు."

"రానివ్వకపోతే ఏమైపోతాడు? బుద్ధుందా మీకు?"

"మావాళ్ళేమైపోయారో అదే అవుతాడు."

నాన్న నా చెయ్యి విడిపించుకుని కింది మెట్టు మీద కూర్చున్నాడు. "నువ్వెళ్ళమ్మాయ్" అన్నాడు. దూరంగా బాడవల్లోకి నీళ్ళు ఎక్కుతున్నాయి, కనబడుతూనే ఉంది. నేను వాళ్ళను తిట్టాను, బతిమాలాను, ఒకడి చొక్కా పట్టుకున్నాను. కదల్లేదు.

లోపల్నుంచి నాంచారమ్మ జనాన్ని తోసుకుంటూ వచ్చింది. మెట్ల మీది మనిషిని చూసింది. మొహం జేవురించింది.

"తప్పుకోండ్రా. రానీండి లోపలికి" అంది.

"ఈణ్ణా పిన్నీ?"

"ఈడు బయట చస్తే రేపట్నించి నేనెవర్ని తిట్టుకోవాల్రా? రానీండి!"

వాళ్ళు పక్కకు జరిగారు. నేను నాన్నను లేపి లోపలికి తెచ్చాను. షెల్టరు కిటకిటలాడుతోంది, కాలు పెట్టే చోటు లేదు. నాంచారమ్మ తన గోడవారకు వెళ్ళి కూర్చుని, కాళ్ళు ముడుచుకుంది. ఆ ముడుచుకున్నంత చోటులో నాన్న కూర్చున్నాడు. వెంటనే ఆవిడ మొదలెట్టింది, కూతుళ్ళిద్దరి పేర్లూ చెప్పి, పేరు పేరునా. నీళ్ళు దిగేదాకా, నాలుగు గంటలసేపు ఆవిడ తిడుతూనే ఉంది, ఆయన వింటూనే ఉన్నాడు. ఆ రోజు మా తీరంలో ఒక్క ప్రాణం కూడా పోలేదు.